రాళ్లను చదువ నేర్చిన విద్యార్థి

చార్లెస్ డార్విన్ నామము వినగానే జీవపరిణామ సిద్ధాంతము మనకు స్ఫురించును. కాని ఆ మహనీయుడు శాస్త్రలోకమున మొదట పేరుగాంచినది భూగర్భశాస్త్రజ్ఞుడుగానే. విద్యార్థిదశలో ఆయన ఆ శాస్త్రము నిక ముట్టనని నిశ్చయించుకొనెను. ఆ నిశ్చయ మేల కలిగెనో, ఎట్లు సడలెనో తెలిసికొనుట గురుశిష్యు లిరువురకును మేలు.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి పేరుమోసిన వైద్యుడు. కుమారుడును వైద్యుడు కావలెనని 1825లో స్కాట్లండునందలి ఎడింబరో విశ్వవిద్యాలయమునకు పంపెను. మత్తుమందు లేని ఆ దినములలో శస్త్రచికిత్సను చూడజాలక ఆ యువకుడు వైద్యవిద్యకు విముఖుడయ్యెను. రెండవ సంవత్సరమున రాబర్ట్ జేమ్‌సన్ అను ఆచార్యుని భూగర్భశాస్త్రోపన్యాసములకు పోజొచ్చెను.

ఆనాడు ఎడింబరోలో రాళ్ల పుట్టుకను గూర్చి తీవ్రమైన వాదము నడచుచుండెను. శిలలు ఆదిసముద్ర జలమున పేరుకొనినవని జర్మనీ పండితుడైన వెర్నర్ మతము. భూమిలోని వేడిమికి కరగి క్రిందినుండి పైకుబికిన శిలలును కలవని ఎడింబరో వాస్తవ్యుడైన జేమ్స్ హట్టన్ మతము. జేమ్‌సన్ వెర్నర్ శిష్యుడు. ఆయన విద్యార్థులను నగరము చెంతనున్న సాలిస్‌బరీ క్రాగ్స్ అను కొండచరియ కడకు కొనిపోయి, అందు గోడవలె నిలిచిన యొక రాతిని చూపి, అది పైనుండి దిగిన మట్టితో పూడిన పగులని బోధించెను. కరగిన శిల క్రిందినుండి వచ్చెననువారిని ఎగతాళి చేసెను. చుట్టును అగ్నిశిలలే యుండగా ఈ బోధ సాగెను. జేమ్‌సన్ పండితుడే, ఆయన కూర్చిన ప్రదర్శనశాల గొప్పదే. కాని ఆ నీరసోపన్యాసములు విని డార్విన్ తన జీవితమున భూగర్భశాస్త్ర గ్రంథమును తెరువరాదని నిశ్చయించుకొనెను.

ఇంతకు రెండు మూడేండ్ల ముందే ఆ శాస్త్రమున కొక బీజము ఆయన మనస్సున పడియుండెను. ష్రూస్‌బరీలో గంటరాయి యని పిలువబడు పెద్ద బండ కలదు. రాళ్ల సంగతి నెరిగిన యొక వృద్ధుడు దానిని చూపి, అట్టి శిల కంబర్లండు, స్కాట్లండు ప్రాంతములకు ఈవల లేదనియు, అది ఇచ్చటికెట్లు వచ్చెనో లోకము అంతమగు వరకు ఎవరును చెప్పజాలరనియు పలికెను. ఉపన్యాసములు విసుగు గొల్పినను ఆ బండ కలిగించిన ఆశ్చర్యము డార్విన్‌ను విడువలేదు.

1828లో తండ్రి ఆయనను మతాచార్యుని చేయదలచి కేంబ్రిడ్జికి పంపెను. అచ్చట ఆడమ్ సెడ్జివిక్ భూగర్భశాస్త్రాచార్యుడు. ఆయన ఉపన్యాసములు విద్యార్థుల నాకర్షించునవి. అయినను పూర్వపు రోతచే డార్విన్ వానికి పోలేదు. ఒక గురువు మూసిన తలుపు మరియొక గురువు వాకిట గూడ మూతపడియే యుండెను. దానిని తెరచినవాడు వృక్షశాస్త్రాచార్యుడగు హెన్‌స్లో. 1831 జనవరిలో డార్విన్ పరీక్షలో ఉత్తీర్ణుడైన పిమ్మట హెన్‌స్లో ఆయనను భూగర్భశాస్త్రము నభ్యసింపుమని ప్రోత్సహించెను. రాతిపొరల వాలును కొలుచు చిన్న పరికరమును సంపాదించి, డార్విన్ తన పడకగదిలోని బల్లలను నానావిధములుగ వాల్చి, వానినే శిలాస్తరములుగ భావించి కొలుచుచు అభ్యాసము చేసెను.

ఆ ఆగస్టులో సెడ్జివిక్ ఉత్తర వేల్సునకు పోవుచు ష్రూస్‌బరీలో డార్విన్ ఇంట దిగెను. సమీపమున కంకర త్రవ్వు గోతిలో ఉష్ణమండలమునకు చెందిన గవ్వ యొకటి దొరకెనని యొక కూలివాడు చెప్పిన సంగతిని డార్విన్ ఉత్సాహముతో విన్నవించెను. ఆచార్యుడు నవ్వి, దానినెవరో అచ్చట పారవైచియుందురనెను. నిజముగ అది ఆ పొరలోనిదే యైనచో ఆ ప్రాంతపు భూమిని గూర్చి తెలిసినదంతయు తలక్రిందులగు ననియు చెప్పెను. అబ్బురపు వస్తువును చూచి గురువు సంతసింపకుండుట శిష్యునకు వింతగొల్పెను. అనేక విషయములను కూర్చి, వానినుండి సామాన్య సూత్రము నేర్పరచుటయే శాస్త్రమని ఆయన కపుడు బోధపడెను.

పిదప ఇరువురును వేల్సు కొండలలో సంచరించిరి. సెడ్జివిక్ శిష్యుని తన మార్గమునకు సమాంతరముగ వేరు దారిని పంపి, రాళ్ల మచ్చులను తెమ్మనియు, పొరల తీరును పటమున గుర్తింపుమనియు ఆదేశించెను. ఆ కొలదిదినముల నడకయే డార్విన్ భూగర్భశాస్త్ర పాఠశాల. కాని ఆ పాఠమునకును ఒక హద్దు కలదు. కుమ్ ఇడ్వాల్ అను లోయలో గురుశిష్యులు గంటల తరబడి శిలాజములకై వెదకిరి. చుట్టును గీతలు పడిన బండలు, హిమానీనదము విడిచిన రాళ్లగుట్టలు స్పష్టముగ నుండెను. ఇరువురిలో నొక్కరికిని అవి కానరాలేదు! మనస్సు వెదకని దానిని కన్ను చూడజాలదు గదా.

ఆగస్టు 29న ఇల్లు చేరగానే బీగిల్ నౌకాయానమునకు ఆహ్వానము ఎదురుచూచుచుండెను. డిసెంబరు 27న నౌక బయలుదేరెను. వెంట చార్లెస్ లయల్ రచించిన భూగర్భశాస్త్ర సూత్రముల ప్రథమ సంపుటము కలదు. 1832 జనవరిలో కేప్‌వెర్డె దీవులలోని సెయింట్ జాగో తీరమున, సముద్రమునకు దాదాపు 45 అడుగుల యెత్తున, లావా క్రింద తెల్లని గవ్వలపొర యొకటి డార్విన్‌కు కనబడెను. సముద్రగర్భమున పేరుకొని, లావాచే కాలి, క్రమముగ పైకి లేచిన కథను ఆ పొరలో ఆయన చదివెను. తానును భూగర్భశాస్త్ర గ్రంథము వ్రాయగలనను తలంపు ఆనాడే పొడమెను.

1835 ఫిబ్రవరి 20న చిలీ దేశమున గొప్ప భూకంపము సంభవించెను. కన్సెప్సియాన్ సమీపమున తీరము పైకి లేచుటను, ఒక దీవిలో బండలనంటిన ఆల్చిప్పలు పోటుగీటుకు 10 అడుగుల పైని చచ్చిపడియుండుటను బీగిల్ యాత్రికులు గమనించిరి. పర్వతములెట్లు లేచునో డార్విన్‌కు కండ్లకు కట్టెను. ఆ యాత్రలో ఆయన వ్రాసికొనిన పుటలలో భూగర్భశాస్త్రమునకు చెందినవి 1,383. జంతుశాస్త్రమునకు చెందినవి 368 మాత్రమే. పగడపుదిబ్బలను గూర్చిన ఆయన గ్రంథము 1842లో వెలువడెను.

ఆ 1842లోనే ఆయన కుమ్ ఇడ్వాలునకు మరల పోయెను. అప్పటికి అగాసీ మొదలగు పండితులు హిమానీనదముల మహిమను చాటియుండిరి. పదునొకండేండ్ల క్రిందట కానరాని గురుతులు ఇపుడు అడుగడుగున పలుకరించెను. ష్రూస్‌బరీ గంటరాయిని మోసికొని వచ్చినదియు మంచే యని నేడు మనకు తెలియును. లోకాంతము వరకు వేచియుండ నక్కరలేకపోయినది.

1859లో వెలువడిన జాతుల ఉత్పత్తి గ్రంథమును సెడ్జివిక్ తీవ్రముగ ఖండించెను. అయినను వారి స్నేహము చెడలేదు. డార్విన్ 1882 ఏప్రిల్ 19న కీర్తిశేషుడయ్యెను.

ఎగతాళితో కూడిన యొక పాఠము ఆయనను నాలుగేండ్లు శాస్త్రమునకు దూరము చేసెను. పటమును చేతికిచ్చి కొండలోనికి పంపిన గురువు కొలదిదినములలోనే ఆ దూరమును మాపెను. తరగతిలో మనము చెప్పు పాఠము మరపునకు రావచ్చును. కాని ఆ పాఠముపై కలిగిన రోతయో, ప్రీతియో విద్యార్థిని వెన్నంటి వచ్చును. విద్యార్థియు ఒక్క ఉపన్యాసమును విని శాస్త్రమునే వెలివేయరాదు. రాయి అచ్చటనే యుండును. దానిని మరల చూచుటకు మనము పోవలెను.