పనికి గౌరవము తెచ్చిన థామస్ క్రాపర్

థామస్ క్రాపర్ 1836లో ఇంగ్లండు దేశమందలి యార్కుషైరులో థోర్న్ అను ఊరిలో జన్మించెను. 1853లో లండను చేరి, తన అన్నయగు జార్జివద్ద కుళాయిలు, గొట్టములు అమర్చు పని నేర్చుకొనెను. ఆ కాలమున నగరపు మురుగంతయు థేమ్సు నదిలో కలియుచుండెను. 1854లో కలరా వ్యాపించి వేలకొలది జనులు మరణించిరి. 1858 వేసవిలో నదినుండి వచ్చు దుర్గంధమునకు పార్లమెంటు సభ్యులే తాళలేకపోయిరి.

క్రాపరు 1861లో చెల్సీలో సొంత వ్యాపారము ప్రారంభించెను. మరుగుదొడ్ల మాట ఎత్తుటకే జనులు సిగ్గుపడు దినములవి. అతడు మాత్రము వాటిని తన అంగడిలో అందరికిని కనబడునట్లు ఉంచెను. నీటితొట్టిలోని తేలుడుబంతి కుళాయిని మెరుగుపరచి పేటెంటు పొందెను. గొట్టము ద్వారా చన్నీరు తొట్టిలో చేరుచుండగా, నీటితోపాటు బంతియు పైకి లేచును. తొట్టి నిండగానే అది కుళాయిని మూసివేయును. అందుచే నీరు పొంగి వృథా కాదు.

1880 తరువాతి సంవత్సరములలో యువరాజు ఎడ్వర్డు తన సాండ్రింగ్‌హాం భవనపు పనిని అతనికి అప్పగించెను. నీటితో శుభ్రపడు మరుగుదొడ్డిని కనిపెట్టినది క్రాపరేయని కొందరందురు. అది నిజము కాదు. అట్టిదానికి 1775లోనే అలెగ్జాండర్ కమ్మింగు పేటెంటు పొందెను. ఇతరులు పేరెత్తుటకు సిగ్గుపడిన పనిని తలయెత్తుకొని చేయుటయే క్రాపరు ఘనత. అతడు 1910లో మరణించెను. జనుల ఆరోగ్యమును కాపాడు పని ఏదియు నీచము కాదని అతని జీవితము మనకు తెలుపుచున్నది.