బడి మానిన రైతుబిడ్డ: థియోడర్ షుల్జ్

అర్థశాస్త్రం చదివే మన విద్యార్థులకు మానవ మూలధనం అనేది పాఠ్యగ్రంథంలోని ఒక అధ్యాయం. ఆ భావనకు ప్రాణం పోసిన వారిలో ముఖ్యుడు ఉన్నత పాఠశాల గడప ఎన్నడూ తొక్కలేదని వారిలో చాలామంది ఎరుగరు.

అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో, ఆర్లింగ్టన్ అనే చిన్న ఊరికి సమీపాన, జర్మన్ సంతతికి చెందిన వ్యవసాయ కుటుంబంలో 1902 ఏప్రిల్ 30న థియోడర్ షుల్జ్ జన్మించారు. ఎనిమిదిమంది సంతానంలో ఆయనే పెద్ద. ఎనిమిదవ తరగతితో తండ్రి చదువు మాన్పించాడు. పెద్దకొడుకు ఇంకా చదివితే పొలం మీద మనసు నిలవదని ఆయన భయం. పైగా మొదటి ప్రపంచయుద్ధం మూలంగా పనివారు దొరకని రోజులవి. ఆ తండ్రిని తప్పుపట్టడానికి మాకు మనసొప్పదు. అటువంటి తండ్రులను మేము ఏటేటా చూస్తూనే ఉన్నాము.

1921లో షుల్జ్ బ్రూకింగ్స్‌లోని వ్యవసాయ కళాశాలలో, ఏడాదికి చలికాలపు నాలుగు నెలలు మాత్రమే సాగే తరగతిలో చేరారు. అలా మొదలైన చదువు 1930లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు డాక్టరేటు దాకా సాగింది. అయోవా రాష్ట్ర కళాశాలలో అధ్యాపకుడై, అనతికాలంలోనే శాఖాధిపతి అయ్యారు. 1943లో యుద్ధకాలపు కొరత దృష్ట్యా వెన్నకు బదులు మార్గరిన్ వాడవచ్చునని ఆయన శాఖవారు ఒక చిన్న పుస్తకం వెలువరించగా పాడిపరిశ్రమ వారు మండిపడ్డారు. కళాశాల ఆ ఒత్తిడికి తలొగ్గింది. షుల్జ్ రాజీనామా ఇచ్చి చికాగో విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన కొద్దికాలానికి అలబామా రాష్ట్రంలో ఆయనకు ఒక వృద్ధ రైతు దంపతులు తారసపడ్డారు. పొలం నిస్సారమైంది, ఇల్లు పాతబడింది, అయినా వారి ముఖాలలో దిగులు లేదు. కారణమడుగగా, పొలం ఫలసాయమంతా నలుగురు పిల్లల కళాశాల చదువులకే ఖర్చుపెట్టామనీ, ఆ చదువే వారికి అన్నం పెడుతుందనీ, కనుక తాము పేదలము కామనీ చెప్పారు. వారి ఆస్తి ఏ లెక్కల పుస్తకంలోనూ కానరాదు. ఆ ఆస్తిని లెక్కలోకి తేవడమే షుల్జ్ తరువాతి జీవితమైంది.

1960 డిసెంబరులో సెయింట్ లూయిస్‌లో అమెరికా ఆర్థిక సంఘానికి అధ్యక్షోపన్యాసం చేస్తూ, చదువు, ఆరోగ్యం, నైపుణ్యం మీద పెట్టే ఖర్చును వినియోగంగా గాక పెట్టుబడిగా చూడవలెనని ఆయన వాదించారు. మనిషిని యంత్రాల సరసన నిలబెట్టడం బానిసత్వాన్ని తలపించదా అన్న శంకను ఆయనే ఎత్తి, తన మీద తాను పెట్టుబడి పెట్టుకొనే మనిషికి ఎంపికలు పెరుగుతాయని సమాధానమిచ్చారు. ఈ సమాధానం మాకు సబబుగానే తోస్తుంది, ఆ పేరు మాత్రం ఇప్పటికీ చెవికి ఇంపుగా లేదు.

అదే 1960లో ప్రకటించిన మరొక పరిశోధనలో చదువు ఖరీదును లెక్కగట్టారు. ఉపాధ్యాయుల జీతాలు, భవనాలు, పుస్తకాలు అందరూ లెక్కించేవే. వాటితోపాటు, విద్యార్థి తరగతిలో కూర్చున్నందున సంపాదించలేకపోయిన కూలిని కూడా ఆయన చేర్చారు. అమెరికాలో ఉన్నత పాఠశాల, కళాశాల చదువుల మొత్తం ఖర్చులో సగానికి పైగా ఆ వదులుకొన్న సంపాదనే అని తేలింది. ఫీజు మాఫీ అయినా కొడుకును మెకానిక్ షెడ్డుకో, పండ్ల బండి దగ్గరకో పంపే ఇల్లు ఎందుకుంటుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. దక్షిణ డకోటా పొలంలో ఒక తండ్రి వేసుకొన్న లెక్కా ఇదే, కాకపోతే ఆయన ఖర్చు చూశాడు, రాబడి చూడలేదు.

అందరూ ఒప్పుకోలేదు. పట్టా పనితనాన్ని పెంచకపోయినా, సమర్థుడెవరో యజమానికి తెలిపే గుర్తుగా పనిచేయవచ్చునని 1973లో మైకేల్ స్పెన్స్ చూపారు. పట్టా చేతపట్టుకొని తిరిగే యువకులను చూచినవారెవరూ ఈ మాటను తేలికగా కొట్టివేయలేరు.

1964లో వెలువడిన సంప్రదాయ వ్యవసాయ పరివర్తన గ్రంథంలో షుల్జ్ మన దేశం వైపు దృష్టి సారించారు. సేద్యంలో కొందరిని తీసివేసినా ఉత్పత్తి తగ్గదనే వాదాన్ని 1918-19 ఇన్‌ఫ్లుయెంజాతో పరీక్షించారు. ఆ మహమ్మారికి లక్షలాది భారతీయులు బలికాగా, సాగుభూమి విస్తీర్ణం కూడా తగ్గిందని, కనుక ఎవరి శ్రమా వృథా కాదని తేల్చారు. ఆ పరీక్షను 1967లో అమర్త్య సేన్ గట్టిగా విమర్శించారు. రైతు పేదవాడే గాని తెలివితక్కువవాడు కాడన్న షుల్జ్ అభిప్రాయం మాత్రం నిలిచింది.

1979లో నోబెల్ పురస్కారాన్ని ఆయన ఆర్థర్ లూయిస్‌తో పంచుకొన్నారు. సేద్యంలో మిగులు శ్రమ ఉన్నదన్న సిద్ధాంతానికి ప్రసిద్ధుడు ఈ లూయిసే కావడం విశేషం. 1998 ఫిబ్రవరి 26న, 95 ఏండ్ల వయసులో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఎవాన్‌స్టన్‌లో షుల్జ్ కన్నుమూశారు.