దవడ గడ్డల గుట్టు విప్పిన బర్కిట్

డెనిస్ బర్కిట్ పేరు వైరస్‌ల పాఠంలో ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. ఆ మనిషి గురించి కాస్త చెప్పుకోవాలని నాకనిపించింది.

ఆయన 1911లో ఐర్లండులోని ఎన్నిస్కిలెన్‌లో పుట్టాడు. పదకొండో ఏట ప్రమాదంలో కుడికన్ను పోయింది. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఇంజనీరింగులో చేరి, అది వదిలేసి వైద్యం చదివాడు. ఒంటికన్నుతోనే సర్జన్ అయ్యాడు. యుద్ధకాలంలో సైన్యంలో చేసి, 1946లో ఉగాండా చేరాడు.

1957లో కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో డాక్టర్ ట్రోవెల్ ఆయనకు ఒక అయిదేళ్ల పిల్లవాణ్ణి చూపించాడు. పై దవడ, కింది దవడ, రెండు పక్కలా వాపులే. మామూలు చీముగడ్డ అయితే ఒకచోట లేస్తుంది గాని, నాలుగు వైపులా ఒకేసారి లేవడమేమిటి? కొద్ది వారాలకే జింజా ఆసుపత్రి కిటికీలోంచి చూస్తే, బయట తల్లి పక్కన కూర్చున్న మరో బిడ్డకూ అదే ముఖం. పరీక్ష చేస్తే కడుపులోనూ గడ్డలు తగిలాయి.

ఇక పాత రికార్డులన్నీ తిరగేశాడు. అసలు చిక్కు అక్కడే ఉంది. దవడలో వస్తే ఒక పేరు, కంటి గూట్లో వస్తే ఇంకో పేరు, మూత్రపిండం దగ్గర వస్తే మరో పేరు! గడ్డ లేచిన చోటునుబట్టి వేరువేరు జబ్బులుగా రాసుకున్నారు. ఒకే బిడ్డ ఒంట్లో ఇవన్నీ కలిసి కనబడుతున్నాయి గనుక జబ్బు ఒకటేనని బర్కిట్ 1958లో ప్రకటించాడు. ఆయన దాన్ని సార్కోమా అన్నాడు. సూక్ష్మదర్శినిలో చూసిన ఓకానర్, డేవిస్‌లు అది లింఫు కణాల కాన్సరని తేల్చారు. నల్లగా కిక్కిరిసిన కణాల నడుమ అక్కడక్కడ లేత రంగు పెద్ద కణాలుండి, చుక్కల ఆకాశంలా కనిపిస్తుందట.

పేరు మారితే ఏమొచ్చిందంటారా? దవడ కోసినా గడ్డ ఆగేది కాదు, రేడియేషన్ అప్పటికి ఉగాండాలో లేదు. పిల్లలు వారాల్లో పోయేవారు. లింఫు కాన్సరు గదా, మందుకు లొంగవచ్చునని మెథోట్రెక్సేట్, సైక్లోఫాస్ఫమైడ్ వంటివి ఇచ్చి చూశాడు. కొందరికి కొద్ది రోజుల్లోనే వాపు దిగిపోయింది. కొందరు ఏళ్ల తరబడి బతికారు.

మా నాన్న చేలో తెగులు కనబడితే ముందు అడిగేది మెరకా పల్లమా, వాన ఎంత పడింది అని. బర్కిట్ కూడా అదే దారి పట్టాడు. 1961లో ఇద్దరు డాక్టర్ మిత్రులతో ఒక పాత కారులో పది వారాలు, 10,000 మైళ్లు తిరిగి ఆసుపత్రి ఆసుపత్రికీ ఫొటోలు చూపించి అడిగాడు. భూమధ్యరేఖ దగ్గర సుమారు 5,000 అడుగుల పైన ఈ జబ్బు లేదు, వాన తక్కువ చోట్లా లేదు. మలేరియా పటానికి ఇది దాదాపు సరిపోయింది.

అదే ఏడు లండన్‌లో ఆయన ఉపన్యాసం విన్న ఎప్‌స్టీన్, విమానంలో తెప్పించుకున్న గడ్డ ముక్కల్లో వెతికి వెతికి, 1964లో అచాంగ్, బార్‌లతో కలిసి ఒక కొత్త వైరస్‌ను చూపించాడు. మనిషికి కాన్సర్ తెచ్చే వైరస్‌లలో మొదట దొరికింది అదే.

బర్కిట్ 1966లో ఇంగ్లండు తిరిగివెళ్లి పీచు ఆహారం మీద ప్రచారం చేశాడు (మా ఇంటి జొన్నసంకటి చూస్తే సంతోషించేవాడేమో!). 1993లో కన్నుమూశాడు. జబ్బు మాత్రం బర్కిట్ లింఫోమాగానే నిలిచింది. 2022 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దాన్ని ఏ దేశంలో వచ్చిందన్నది పక్కనపెట్టి, ఆ వైరస్ ఉన్నది, లేనిది అని రెండుగా విడదీయమంటోంది.