మహాశిల్పి రోడిన్

సూర్యాపేట చెంతనున్న పిల్లలమర్రి ఆలయములలోని నల్లరాతి స్తంభములను ఎరుగనివారు ఈ ప్రాంతమున అరుదు. కోదాడ, మిర్యాలగూడ పాఠశాలల ఉపాధ్యాయులకును అవి దూరమైనవి కావు. ఆ గుడులను కట్టించిన రేచెర్ల నాయకుల పేర్లు శాసనములలో నిలిచినవి. ఉలి పట్టినవారి పేర్లు మాత్రము మన నోట లేవు. వారు ఎవరివద్ద నేర్చిరో, ఎన్ని రాళ్ళు చెడగొట్టుకొనిరో, కట్టించువారు కోరినదియు తమకు తోచినదియు వేరైనపుడు ఏమి చేసిరో చెప్పువారు లేరు. ఫ్రెంచి శిల్పి ఒగస్ట్ రోడిన్ విషయమున ఇవన్నియు తెలియుచున్నవి. కోరినవారికిని శిల్పికిని నడుమ ఇంతటి పోరు నడచిన జీవితము మరియొకటి దొరకుట కష్టము.

రోడిన్ 1840 నవంబరు 12వ తేదీన ప్యారిసు నగరమున జన్మించెను. తండ్రి పోలీసు కచేరీలో చిన్న ఉద్యోగి. బాలునికి దూరపు చూపు ఆనదు, బడిచదువు సాగలేదు. పదునాలుగవ యేట, చేతిపనివారికై ప్రభుత్వము నడుపుచున్న చిత్రలేఖన పాఠశాలలో చేరెను. అచట లెకోక్ అను ఉపాధ్యాయుడు ఒక విచిత్ర పద్ధతిని నడుపుచుండెను. వస్తువును విద్యార్థిచేత తనివితీర చూడనిచ్చి, పిదప దానిని కంటికి దూరము చేసి, జ్ఞాపకమునుండి గీయుమనువాడు. ఎదుటి బొమ్మను చూచి గీతకు గీత దించుటయే చిత్రలేఖనమని తలచు మన తరగతులలో ఈ పద్ధతిని ఒక వారము నడిపి చూడవచ్చును. రోడిన్ చేతికి కన్ను వచ్చినది అచ్చటనే.

పిదప ప్యారిసులోని ఉన్నత కళాశాలలో ప్రవేశమునకు మూడుమారులు పరీక్షకు పోయెను. చిత్రలేఖనమున నెగ్గెను, శిల్పమున మూడుమారులును తప్పెను. లోకము మహాశిల్పి యనిన వానిని ఆ పరీక్షకులు శిల్పమునకే పనికిరాడనిరి! పొట్టకూటికై ఇండ్ల గోడలకు లతలు, పూలు, సింహముఖములు చేయు కూలిపనిలో కుదిరెను. అట్లు ఇంచుమించు ఇరువది యేండ్లు గడచెను. 1862లో ప్రియసోదరి మరియా మరణింపగా దుఃఖము పట్టలేక మఠమున చేరెను. ఆ మఠాధిపతి ఎయ్‌మార్ యువకుని చేతిలోని విద్యను గుర్తించి, నీ స్థానము ఇది కాదని తిరిగి పంపివేసెను. 1864లో రోజ్ బోరె అను కుట్టుపని చేయు యువతి ఆతనికి తోడయ్యెను. పేదరికమున తడిమట్టి బొమ్మలు ఎండి పగులకుండ గుడ్డలు తడిపి కప్పి కాపాడినది ఆమెయే.

1871లో బ్రస్సెల్సుకు పనికై పోయి, కూడబెట్టిన కొద్ది ధనముతో ఇటలీకి వెళ్ళి మైకెలాంజెలో శిల్పములను చూచెను. బ్రస్సెల్సులో నెయ్‌త్ అను సైనికుని ఎదుట నిలుపుకొని నెలల తరబడి ఒక పురుషవిగ్రహమును మట్టితో తీర్చెను. దాని పేరు ‘కంచుయుగము’. ఏ దేవతయు కాదు, ఏ వీరుడును కాదు. నిద్రనుండి మేల్కొనుచున్నట్లున్న ఒక మనుష్యుడు. 1877లో దానిని ప్యారిసు ప్రదర్శనమున నుంచగా గొప్ప అపవాదు పుట్టెను. ఇంత సహజముగ చేయుట మనుష్యసాధ్యము కాదనియు, బ్రతికియున్న మనిషి ఒంటిపై ప్లాస్టరు పోసి అచ్చు తీసినాడనియు నిందించిరి. శిల్పమున ఇది దొంగతనముతో సమానమైన నింద. మంచి వ్యాసము వ్రాసిన విద్యార్థిని ఎవరి పుస్తకమునుండి ఎత్తినావని ఉపాధ్యాయుడు గద్దించినట్లే. రోడిన్ ఆ సైనికుని ఛాయాచిత్రములు తీయించి సాక్ష్యముగ చూపెను. అధికారులు వెంటనే కరుగలేదు. తరువాత ఆతడు ఎదుటనే వేగముగ బొమ్మలు తీర్చుట కన్నులార చూచిన శిల్పులు కొందరు ప్రభుత్వమునకు వ్రాసిరి. 1880లో ప్రభుత్వమే ఆ విగ్రహమును కొనెను. రోడిన్ చేసిన గట్టి సమాధానము వేరొకటి కలదు: తరువాతి ‘యోహాను’ విగ్రహమును మనిషి పరిమాణముకంటె పెద్దదిగ చేసెను. అంత పెద్ద ఒడలు ఏ మనిషికిని లేదు గదా, అచ్చు ఎవరినుండి తీయవలెను?

ఆ యేడే ఒక ప్రదర్శనశాలకు కంచుద్వారము చేయుమని ఆజ్ఞ లభించెను. ఇటలీ మహాకవి డాంటె వర్ణించిన నరకమును విషయముగ గైకొనెను. ఆ శాల కట్టబడలేదు. ఆ ద్వారము ఆతని జీవితకాలమున కంచుగ పోతపోయబడలేదు. కాని నేడు లోకమెరిగిన ‘ఆలోచనాపరుడు’ ఆ తలుపు పైభాగమున కూర్చుండుటకు పుట్టినవాడే. కాలే నగరమువారు కోరిన ఆరుగురు పౌరుల శిల్పము 1895లో ఆవిష్కృతమయ్యెను. 1347లో ఊరిని కాపాడుటకై శత్రురాజునకు ప్రాణములు అప్పగింప బయలుదేరినవారు వారు. నగరమువారు వీరులను కోరిరి. రోడిన్ మెడకు త్రాళ్ళతో భయపడుచు, తడబడుచు నడచు మనుష్యులను చేసెను.

కమిల్ క్లోదెల్ పేరు చెప్పక ఈ కథ న్యాయముగ సాగదు. 1883 ప్రాంతమున శిష్యురాలై వచ్చిన ఆమె స్వయముగ గొప్ప శిల్పి. ఆతని కర్మశాలలో పనిచేసెను, ఆతనిని ప్రేమించెను. రోజ్‌ను విడువలేని రోడిన్‌నుండి కొన్నియేండ్లకు విడివడెను. 1913లో బంధువులు ఆమెను పిచ్చాసుపత్రిలో చేర్చిరి. ముప్పదియేండ్లు అచటనే యుండి 1943లో మరణించెను. రోడిన్ కీర్తి పెరిగిన యేండ్లలో ఆమె బ్రతుకు కుంగినది. ఆతని భక్తులు ఈ మాటను తేలికగ దాటవేయుట నాకు నచ్చదు.

చేతులు లేని, తల లేని దేహములను రోడిన్ కావలెననియే ప్రదర్శించెను. ‘నడచు మనిషి’ అట్టిది. మన సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరకిన విరిగిన బౌద్ధశిల్పములను చూచినవారికి దీని మర్మము కొంత తెలియును: అచట విరిచినది కాలము, ఇచట విడిచినది శిల్పి. చెన్నపురి ప్రదర్శనశాలలోని నటరాజ విగ్రహముల ఛాయాచిత్రములను చూచి 1913లో ఆతడు పరవశించి వ్రాసిన వ్యాసము, మరణానంతరము 1921లో వెలువడెను.

1891లో సాహిత్యకారుల సంఘము నవలాకారుడు బాల్జాక్ విగ్రహమును కోరెను. పదునెనిమిది నెలలలో ఇచ్చెదనని ఒప్పుకొని ఏడేండ్లు తీసికొనెను. బాల్జాక్ పుట్టిన ప్రాంతమునకు పోయెను, అటువంటి ఒడలుగల మనుష్యులను వెదకెను. తుదకు 1898లో చూపినది, పొడవాటి అంగీలో చుట్టుకొని వెనుకకు వాలిన ఒక ఆకృతి. జనము నవ్విరి, సంఘము నిరాకరించెను. రోడిన్ తీసికొన్న ధనము తిరిగి ఇచ్చివేసి, ప్లాస్టరు విగ్రహమును మ్యూదాన్ గ్రామములోని తన యింటికి తీసికొనిపోయెను. మరల అమ్మజూపలేదు, మార్చలేదు.

1916లో తన సమస్త శిల్పములను ప్రభుత్వమునకు దానము చేసెను. 1917 జనవరి 29న, ఏబదియేండ్లకు పైగా తోడున్న రోజ్‌ను శాస్త్రోక్తముగ వివాహమాడెను. రెండు వారములకు ఆమె మరణించెను; నవంబరు 17న ఆతడును పోయెను. మ్యూదాన్‌లో ఇరువురి సమాధిపై ‘ఆలోచనాపరుడు’ కూర్చుండియున్నాడు. నిరాకరింపబడిన బాల్జాక్ కంచు విగ్రహమును 1939లో ప్యారిసు రాజమార్గమున నిలిపిరి. అది నేటికిని అచటనే యున్నది.