తోకచుక్కను గుర్తించిన విద్యార్థి: వేణు బాపు జీవితము

ఆకాశమున తోకచుక్క పొడసూపినచో దేశమునకు అరిష్టమని, రాజునకు గండమని మన పెద్దలు చెప్పుకొనెడివారు. వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతుచారమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. ఈ భయము మనదేశమునకే పరిమితమైనది కాదు. 1910లో హేలీ తోకచుక్క కానవచ్చిన దినములలోనే ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డు మరణించెను. ఆ తోకలో విషవాయువు కలదన్న వార్త వ్యాపించి ఐరోపా, అమెరికా నగరములలో సైతము జనులు కలవరపడిరి. ఆ మే నెలలో భూమి తోకచుక్క తోక మీదుగా సాగిపోయినదని లెక్క. ఎవరికిని ఏ హానియు కలుగలేదు.

అది జరిగిన 39 సంవత్సరములకు హైదరాబాదునుండి వెళ్ళిన ఒక విద్యార్థి క్రొత్త తోకచుక్క నొకదానిని కనుగొనెను. అతనికి అప్పటికి ఇరువదిరెండేండ్లు నిండలేదు. ఆ విద్యార్థియే తరువాతి కాలమున భారత ఖగోళ శాస్త్రమునకు క్రొత్త జీవము పోసిన మనాలి కల్లట్ వేణు బాపు.

వేణు బాపు 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించెను. వారిది కేరళ దేశీయ కుటుంబము. తండ్రి కుకుళి బాపు హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. అందుచేత వేణు బాపు బాల్యమును, విద్యాభ్యాసమును హైదరాబాదు నగరముననే గడచెను. ఆ వేధశాల పుట్టుక కూడ ఒక ఔత్సాహికుని చలువయే. నవాబు జఫర్ జంగు అను ప్రభువు తన సొంత ధనముతో 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి 1901లో దానిని నెలకొల్పెను. 1907లో ఆయన మరణించిన పిదప ప్రభుత్వము ఆ సంస్థను స్వీకరించెను. ఆకాశము నంతటిని ఛాయాచిత్రములుగా తీసి నక్షత్రములకు పట్టిక కట్టవలెనని అనేక దేశములు పంచుకొనిన మహాకార్యములో నిజామియా వేధశాలకును ఒక భాగము లభించెను. తెలుగునాట ఇట్టి పూనిక అంతకు ముందును కలదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు 1840లోనే తన సొంత వేధశాలను నిర్మించెను. ఆయన అనంతరము అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపి గ్రహణములను, గ్రహసంక్రమణములను పరిశీలించెను. వీరెవ్వరును జీతమునకు నక్షత్రములను చూచినవారు కారు.

అట్టి వాతావరణమున పెరిగిన బాలునకు రాత్రి ఆకాశమే రెండవ పాఠశాల అయ్యెను. నాటి హైదరాబాదు నగరమున విద్యుద్దీపములు నేటివలె దట్టముగా లేవు. నగరము దాటినచో చీకటి మరింత చిక్కనిది. అప్పటి హైదరాబాదు రాజ్యము పడమట బీదరు మొదలగు జిల్లాలను తనలో ఇముడ్చుకొని యుండెను. నేడు సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదు ప్రాంతమునందున్న న్యాల్‌కల్ ఆనాడు బీదరు తాలూకాలోని ఒక సర్కిలు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడే అది బీదరునుండి విడివడినది. జొన్నచేల నడుమ నిలిచి పాలవెల్లిని ఈ కొసనుండి ఆ కొసకు చూడగల పల్లెలు అవి. నగరమున దూరదర్శిని ఉండెను. పల్లెలలో చీకటి ఉండెను. ఖగోళ శాస్త్రమునకు ఈ రెండును కావలసినవే.

నిజాం కళాశాలలో చదువుచున్న దినములలోనే వేణు బాపు చంచలతారల పరిశీలనమున దిగెను. కొన్ని నక్షత్రముల వెలుగు స్థిరముగా నుండదు. కొంతకాలము పెరుగును, కొంతకాలము తరుగును. వాటిని కొలుచు పద్ధతి బహు సులభము. ఆ చుక్క ప్రక్కన వెలుగు మారని చుక్కలను రెండింటిని ఎన్నుకొని, ఇది దానికన్న ఎంత తక్కువ, దీనికన్న ఎంత ఎక్కువ అని కంటితో సరిపోల్చి, తేదీ, గంట వేసి వ్రాసికొనవలెను. అల్గోల్ అను నక్షత్రము సుమారు 2 దినముల 21 గంటలకు ఒకసారి మందగించును. దానిని చూచుటకు ఏ యంత్రమును అక్కరలేదు. అయితే ఒక రాత్రి చూచి ఊరకున్నచో ఏమియు తెలియదు. నెలల తరబడి విసుగులేక చూచినవానికే దాని గుట్టు చిక్కును. వేణు బాపు తన పరిశీలనములను వ్యాసములుగా ప్రకటించెను. అప్పటికి ఆయన ఇంకను విద్యార్థియే. ఈ శిక్షణయే తరువాత ఆయన జీవితమున అక్కరకు వచ్చెను.

మద్రాసు విశ్వవిద్యాలయమునుండి భౌతికశాస్త్రమున ఎం.ఎస్.సి. పట్టము పొందిన పిమ్మట, హైదరాబాదు ప్రభుత్వము ఇచ్చిన విద్యార్థి వేతనముతో ఆయన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్ళెను. అది 1949 ప్రారంభము. కొద్ది నెలలు గడచెనో లేదో, ఆ జులై 2వ తేదీ రాత్రి ఆయన తీసిన ఛాయాఫలకముపై నక్షత్రముల బిందువుల నడుమ ఒక మసక గీత కనబడెను. నక్షత్రము కదలదు. కదలిన దేదియో అందు చిక్కినది. ఆచార్యుడు బార్ట్ బాక్, సహవిద్యార్థి గార్డన్ న్యూకర్కు దానిని పరీక్షించి, అది క్రొత్త తోకచుక్క అని ధ్రువపరచిరి. అందుచేత దానికి బాపు-బాక్-న్యూకర్కు తోకచుక్క అని ముగ్గురి పేరులును కలిపి పెట్టిరి. అది కంటికి కానవచ్చునంత కాంతివంతమైనది కాదు. అది సూర్యుని ఒకసారి చుట్టివచ్చుటకు సుమారు 60,000 సంవత్సరములు పట్టునని లెక్కతేలెను. పసిఫిక్ ఖగోళ సంఘమువారు ఆ సంవత్సరమే ఆయనకు డోనహో తోకచుక్క పతకము నిచ్చి గౌరవించిరి.

ఇది అదృష్టమని కొందరు భావింపవచ్చును. ఆ ఫలకముపై వేలకొలది చుక్కలు ఉండెను. అందు ఉండవలసిన దేది, ఉండరానిది ఏది అని పోల్చుకొనుటకు తగిన కన్ను కావలయును. హైదరాబాదు రాత్రులలో ఒక చుక్కను మరియొక చుక్కతో సరిపోల్చి చూచిన అలవాటే ఆ కన్ను. అదృష్టము తలుపు తట్టినప్పుడు ఆయన మేలుకొని యుండెను.

1952లో ఆయన హార్వర్డునుండి డాక్టరు పట్టము పొందెను. పిదప కార్నెగీ సంస్థవారి వేతనముతో, ఆనాటికి ప్రపంచమున అన్నిటికన్న పెద్దదైన 200 అంగుళముల దూరదర్శిని గల పాలోమార్ పర్వతమున పనిచేసెను. అచ్చట ఓలిన్ విల్సన్ అను శాస్త్రజ్ఞునితో కలసి ఆయన ఒక ముఖ్య సత్యమును వెలికి తీసెను. నక్షత్రకాంతిని రంగులుగా విడదీసినచో అందు కాల్షియం మూలకమునకు చెందిన ఒక గీత కనబడును. ఆ గీత నడుమ సన్నని వెలుగుపట్టీ యొకటి ఉండును. నక్షత్రము సహజముగా ఎంత కాంతివంతమైనదో ఆ పట్టీ అంత వెడల్పుగా ఉండును. కనుక వెడల్పును కొలిచి నిజమైన కాంతిని, దానినుండి ఆ నక్షత్రపు దూరమును తెలిసికొనవచ్చును. 1957లో ప్రకటింపబడిన ఈ విషయము నేటికిని విల్సన్-బాపు ప్రభావమను పేర పాఠ్యగ్రంథములలో నిలిచియున్నది.

ఇంత పేరు తెచ్చుకొనిన యువకునకు అమెరికాలో స్థానము దొరకకపోవునా? అచ్చటి మహాయంత్రములవంటివి స్వదేశమున లేవు. అయినను ఆయన 1953లో తిరిగివచ్చెను. మహాయంత్రములను వదలి చిన్న యంత్రముల దేశమునకు రావలెనన్న నిర్ణయమే ఆయన జీవితమునకు మూలమలుపు. కాశీలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాల అప్పుడే ప్రారంభదశలో నుండెను. దానిని 1955లో నైనితాలు కొండలకు మార్చిరి. 1957లో ఏప్రిలు నెలలో ఆరెండ్-రోలాండ్, ఆగస్టులో మ్రకోస్ అను రెండు తోకచుక్కలు కంటికే చక్కగా కనబడునంత ప్రకాశముతో వచ్చినవి. వాటిలో మొదటిదానికి సూర్యుని వైపునకు ముల్లువలె నిలిచిన మరియొక తోక కూడ కొన్నాళ్ళు కనబడెను. తోక ఎల్లప్పుడును సూర్యునకు ఎదురుగా వెనుకకే సాగవలెను గదా అని చూచినవారు ఆశ్చర్యపడిరి. తోకచుక్క తన మార్గమున విడిచిపోయిన ధూళి, భూమినుండి అంచుగా కనబడుటచే అట్లు తోచినది. వేణు బాపు తన సహచరునితో కలసి ఆ రెండు తోకచుక్కల కాంతిని రంగులవారీగా కొలిచి, ఫలితములను ప్రకటించెను. పామరుడు వింతగా చూచినదానినే పండితుడు కొలతగా చూచును. చూపు మాత్రము ఇద్దరిదియు ఒకే ఆకాశము మీద.

1960లో, ముప్పదిమూడేండ్ల ప్రాయమునకే, ఆయన కొడైకెనాలు వేధశాలకు అధిపతి అయ్యెను. 1792 నాటి మద్రాసు వేధశాలకు అది వారసురాలు. సూర్యుని పరిశీలనమున దానికి గొప్ప పేరు కలదు. కాని రాత్రి ఆకాశమును చూచుటకు ఆ కొండ అంత అనుకూలము కాదు. కనుక నిర్మలమైన ఆకాశము, నగర దీపములకు దూరము, దక్షిణపు చుక్కలను కూడ చూడగల తావు, ఈ మూడును కలిసిన స్థలముకొరకు ఆయన వెదకించి, తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు అను పల్లెను ఎన్నుకొనెను. అచ్చట 1968లో 38 సెంటీమీటర్ల దూరదర్శినితో పని ప్రారంభమయ్యెను. అది కొడైకెనాలు కార్ఖానాలో మనవారు తయారుచేసికొనినదే. 1972లో 102 సెంటీమీటర్ల యంత్రము వచ్చి చేరెను. 1977 మార్చి 10వ తేదీన వరుణగ్రహము ఒక నక్షత్రమును మరుగుపరచినప్పుడు, ఆ గ్రహమునకు వలయములు కలవని లోకమునకు తెలిపిన పరిశీలనములలో కావలూరు వారివియు చేరినవి.

1971లో భారత ఖగోళభౌతిక సంస్థ స్వతంత్ర సంస్థగా రూపొందినప్పుడు దానికి తొలి అధిపతి ఆయనయే. ఆ సంస్థ కేంద్రము బెంగుళూరునకు మారెను. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమువారు ఆయనను తమ అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. 1981లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో సత్కరించెను. శాస్త్రముతోపాటు ఉర్దూ కవిత్వము, చిత్రలేఖనము కూడ ఆయనకు ఇష్టములు. హైదరాబాదులో పెరిగినవారికి ఉర్దూ మీద మక్కువ కలుగుట వింత కాదు.

ఆయనకు ఒక కోరిక మిగిలియుండెను. పెద్ద దూరదర్శినిని పరాయిదేశమున కొనక, మనవారి చేతులతోనే నిర్మింపవలెనని. 234 సెంటీమీటర్ల అద్దమును బెంగుళూరులో మనవారే అరుగదీసి నునుపు చేయు పని సాగుచుండెను. ఆ యంత్రము పూర్తి యగుట చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. గుండె చికిత్సకై జర్మనీలోని మ్యూనిక్ నగరమునకు వెళ్ళిన ఆయన 1982 ఆగస్టు 19వ తేదీన అచ్చటనే కన్నుమూసెను. యాబదియైదేండ్లు నిండి తొమ్మిది దినములే అయ్యెను. తాను అధ్యక్షుడుగా నున్న సంఘము గ్రీసు దేశమున మహాసభ జరుపుకొనుచున్న దినములే అవి.

1986 జనవరి 6వ తేదీన ప్రధాని రాజీవ్ గాంధీ ఆ దూరదర్శినికి వేణు బాపు పేరు పెట్టి జాతికి అంకితము చేసెను. ఆ మరునెలలోనే హేలీ తోకచుక్క 76 ఏండ్ల పిదప మరల సూర్యుని సమీపించెను. 1910లో విషవాయువని ప్రజలను వణకించిన తోకచుక్కనే ఈసారి ఐరోపా వారి జ్యోటో నౌక దాని చెంతకే పోయి చిత్రములు తీసినది. మంచు, ధూళి కలసిన కొండవంటి ముద్దయే తోకచుక్క గర్భమని స్పష్టమయ్యెను. ఒక చిన్న గ్రహమునకు కూడ వేణు బాపు పేరు పెట్టిరి. దాని సంఖ్య 2596.

దూరదర్శిని లేనిదే ఖగోళ శాస్త్రము లేదని పిల్లలు అనుకొందురు. వేణు బాపు జీవితము అందుకు వేరుగా చెప్పుచున్నది. 2024 అక్టోబరులో త్సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క సూర్యాస్తమయము పిదప పడమటి దిక్కున కంటికే కానవచ్చినది. అట్టిది మరల వచ్చినప్పుడు న్యాల్‌కల్ వంటి పల్లెలోని ఉపాధ్యాయుడు ఏమి చేయవచ్చును? పిల్లలను ఊరి దీపములకు దూరముగా, దిక్కు తెరపిగా నున్న చేనిగట్టునకు కొనిపోవచ్చును. చేయి చాచి పిడికిలి పట్టినచో అది ఆకాశమున సుమారు 10 అంశములు. ఆ పిడికిలితో తోక పొడవును కొలిపింపవచ్చును. దగ్గరి చుక్కలతో సహా పటము గీయించి, తేదీ, గంట వేయించి, మరునాడు మరల చూపించి, ఎంత జరిగినదో అడుగవచ్చును. ఇందుకు పలక, బలపము చాలును. హేలీ తోకచుక్క 2061లో మరల రానున్నది. దానిని చూచి భయపడుటయో, కొలుచుటయో నేటి బడిపిల్లలు నేర్చుకొనిన అలవాటును బట్టియే ఉండును.