జుహూ బురదనేల నుండి: జె. ఆర్. డి. టాటా జీవితము

విమానమనగానే మన చూపు ఆకాశమునకు పోవును. దానిని పైకి పంపుటకు నేలమీద ఎందరెంత పాటుపడవలెనో మనకు సామాన్యముగ తట్టదు. చదునైన నేల, వేళకు అందు పెట్రోలు, మరమ్మతు తెలిసిన పనివాడు, చెప్పిన వేళకు సిద్ధముగ నుండు తపాలా సంచి, ఇవి లేనిచో ఎంతటి వైమానికుడైనను చేయగలిగినది స్వల్పము. జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటాను మన దేశములో లైసెన్సు పొందిన తొలి విమాన చోదకుడని అందరును ఎరుగుదురు. అది నిజమే. అయితే ఆయన చేసిన అసలు పని అంతయు నేలమీదనే జరిగినదని ఆయన జీవితము చదివినవారికి తోచకపోదు.

ఆయన 1904 జూలై 29వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి జంషెడ్జీ టాటాకు బంధువు, ఆ వ్యాపారములో భాగస్వామి. తల్లి ఫ్రెంచి వనిత. ఉత్తర ఫ్రాన్సులో హార్దెలో అను సముద్రతీర గ్రామమున ఆ కుటుంబము వేసవి గడుపుచుండెడిది. 1909లో ఇంగ్లీషు ఛానలును విమానముపై దాటి లోకమును ఆశ్చర్యపరచిన లూయీ బ్లేరియో కుటుంబమును అచటనే ఉండెడిది. ఆ తీరపు ఇసుకమీద విమానములు దిగుచుండగా చూచి పెరిగిన బాలుడు పదునైదవ ఏట తానును ఒకసారి ఎక్కి తిరిగి, ఎన్నటికైన పైలటు కావలెనని నిశ్చయించుకొనెను. చదువు ఫ్రాన్సు, జపాను, ఇంగ్లండు, బొంబాయిల నడుమ ముక్కలు ముక్కలుగ సాగెను. ఒక ఏడాది ఫ్రెంచి సైన్యములో పనిచేసెను. కేంబ్రిడ్జిలో చేరవలెనను కోరిక తీరకమునుపే తండ్రి పిలిపించి 1925లో టాటా సంస్థలో జీతములేని శిక్షార్థిగా చేర్చెను. మరుసటి ఏడు తండ్రి మరణించెను. కుటుంబ భారము ఇరువది రెండేండ్ల యువకునిపై పడెను.

1929 ఫిబ్రవరి 10న ఆయనకు పైలటు లైసెన్సు లభించెను. దానిపై అంకె ఒకటి. ఆ సంవత్సరమే ఫ్రెంచి పౌరసత్వమును వదలుకొనెను. ఇండియా, ఇంగ్లండుల మధ్య ఒంటరిగ ఎగిరిన మొదటి భారతీయునకు ఆగాఖాన్ ఒక బహుమానము ప్రకటించెను. జహంగీర్ కరాచినుండి బయలుదేరెను. ఆస్పీ ఇంజనీర్ అను కుర్రవాడు ఇంగ్లండునుండి ఎదురు వచ్చుచుండెను. ఈజిప్టులో అబూకీరు వద్ద ఇరువురును కలిసిరి. ఆస్పీ విమానమునకు కావలసిన స్పార్కు ప్లగ్గులు లేక అతడు చిక్కుకొని యుండెను. జహంగీర్ తనవద్ద అదనముగ నున్నవానిని ఇచ్చెను. కొలది గంటల తేడాతో బహుమానము ఆస్పీకే దక్కెను. ఆ ఆస్పీయే పిమ్మట స్వతంత్ర భారత వైమానిక దళాధిపతి అయ్యెను.

ఇక విషయమునకు వత్తము. ఆ రోజులలో లండనునుండి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి విమానము తపాలాను కరాచి వరకు తెచ్చెడిది. అచటినుండి బొంబాయికిని, మదరాసుకును ఉత్తరములు రైలులో పోవలసినదే. సముద్రములు దాటి వడిగ వచ్చిన జాబు మన నేలమీద నత్తనడక నడచెడిది. ఈ లోపమును పూరించు ఆలోచన నెవిల్ వింటుసెంట్ అను దక్షిణాఫ్రికా వైమానికునిది. అతడు టాటాలను కలిసెను. యువకుడైన జహంగీర్ దానిని పట్టుకొని వదలలేదు. ప్రభుత్వము సహాయ ద్రవ్యము ఇచ్చుటకు ఒప్పుకొనలేదు. మోసిన తపాలా తూకమునుబట్టి కూలి మాత్రము ఇత్తుమనెను. చివరకు 1932 ఏప్రిల్‌లో ఒడంబడిక కుదిరెను. సుమారు రెండు లక్షల రూపాయల పెట్టుబడి, రెండు చిన్న విమానములు, వేళ్లమీద లెక్కింపదగు సిబ్బంది. అంతే.

1932 అక్టోబరు 15న ఉదయము 6 గంటల 35 నిమిషములకు కరాచిలోని డ్రిగ్ రోడ్ విమానస్థలమునుండి పస్ మాత్ అను ఒంటి ఇంజను విమానమున తపాలా సంచులతో జహంగీర్ ఒంటరిగ బయలుదేరెను. దారిలో అహమ్మదాబాదు వద్ద దిగెను. అచటికి పెట్రోలు ఎట్లు వచ్చినదనుకొందురు? నాలుగేసి గ్యాలన్ల డబ్బాలలో, ఎద్దుబండిమీద. ఎద్దుబండి కాలమును, విమానపు కాలమును ఒకే మైదానమున కలిసికొనిన ఘడియ అది. మధ్యాహ్నము 1 గంట 50 నిమిషములకు ఆయన బొంబాయి జుహూలో దిగెను. అచటినుండి వింటుసెంట్ తపాలాను అందుకొని బళ్లారిలో రాత్రి బస చేసి, మరునాడు మదరాసు చేర్చెను. ఆనాడు మదరాసు రాష్ట్రములో నుండి తెలుగు కన్నడములు కలసి వినిపించు బళ్లారి ఈ విధముగ మన తొలి విమాన మార్గమున ఒక మజిలీ అయ్యెను. కొలది కాలమునకు హైదరాబాదు కూడ ఆ దారిలో చేరెను.

ఆ జుహూ విమానస్థలమును గూర్చి కొంత చెప్పవలెను. సముద్రపు ఒడ్డున బురదనేల. తాటాకు కప్పు వేసిన ఒక పాక కార్యాలయము. అలల పోటు వచ్చినచో నేల మట్టము నీటికన్న క్రిందుండును. వానకాలము వచ్చినంతనే అది చెరువు. అప్పుడు విమానములను, పనిముట్లను, మనుష్యులను మూటగట్టుకొని పూనాకు తరలిపోయి, వానలు వెలిసిన పిదప తిరిగి వచ్చెడివారు. రేడియో లేదు. మార్గము చూపు సాధనములు లేవు. నదులను, రైలు కమ్ములను, కొండలను చూచి దారి తెలిసికొనవలెను. పడమటి కనుమలమీద మబ్బులు క్రమ్మినపుడు ఆ పని ఎట్టిదో విద్యార్థులు పటము ముందుంచుకొని ఊహింపవచ్చును. అట్లుండియు మొదటి సంవత్సరమున ఆ తపాలా విమానములు వేళ తప్పలేదు. ఆ ఏడు 1,60,000 మైళ్లు ఎగిరినవి. ప్రయాణికులు 155 మంది. లాభము 60,000 రూపాయలు. ఈ అంకెలలో మొదటిది నాకు ఘనముగ తోచును. లాభము చాలమంది గడించిరి. వేళను నిలుపుకొనినవారు కొందరే.

1938లో ఆయన టాటా సన్సునకు అధ్యక్షుడయ్యెను. ఉక్కు, విద్యుత్తు, రసాయనములు మొదలగువానిని నడపుచు, బొంబాయిలోని కాన్సరు ఆసుపత్రికిని, భాభా స్థాపించిన పరిశోధన సంస్థకును చేయూతనిచ్చెను. ఆ చరిత్ర వేరుగ వ్రాయదగినది. విమానముల వైపున ఆయనకు కలిగిన పెద్ద దెబ్బ 1942లో వింటుసెంట్ మరణము. ఇంగ్లండునుండి తిరిగి వచ్చుచు అతడెక్కిన యుద్ధవిమానము ఫ్రాన్సు తీరమున కూలెను.

1946లో టాటా ఎయిర్‌లైన్సు ఎయిరిండియా అను పేర ప్రజల వాటాలుగల కంపెనీ అయ్యెను. 1948 జూన్ 8న మలబార్ ప్రిన్సెస్ అను విమానము బొంబాయినుండి కైరో, జెనీవాల మీదుగ లండనుకు సాగెను. ఆ విదేశ సంస్థలో ప్రభుత్వమునకు నూటికి 49 వంతుల వాటా. దేశములోపలి కథ వేరు. యుద్ధానంతరము అమెరికా సైన్యము వదలిపోయిన డకోటా విమానములు చవకగ దొరకుటచే కంపెనీలు పుట్టగొడుగుల వలె లేచెను. ప్రభుత్వము లైసెన్సులను అడిగినవారికెల్ల ఇచ్చెను. 1945లో నిజాము సంస్థానము, టాటాలు కలిసి స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడ ఈ కాలపుదే. బరువునకు తగిన రాకపోకలు లేక కంపెనీలు నష్టములలో మునిగెను.

1949లో రాత్రి తపాలా విమానములు ప్రారంభమయ్యెను. బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మదరాసులనుండి విమానములు రాత్రివేళ నాగపూరులో కలిసికొని సంచులు మార్చుకొని తెల్లవారుసరికి తిరిగి స్వస్థానము చేరును. చూచుటకు చక్కని ఏర్పాటు. ప్రజలకు మేలైనది కూడ. కాని రాత్రి దిగుటకు తగిన దీపములు, సాధనములు నేలమీద లేకుండ ఎగురుట తగదని టాటా ముందుగ అభ్యంతరము చెప్పెను. రఫీ అహ్మద్ కిద్వాయ్ మంత్రి పట్టుదలతో దానిని నెగ్గించెను. ఈ వివాదమున ఇరువురును దేశహితమునే కోరిరి. కాలక్రమమున ఆ తపాలా బాగుగ నడచినదనుటకు సందేహము లేదు. అయినను నేల సిద్ధముగ నున్నదా అని ముందుగ ప్రశ్నించుట టాటా ఒక్కని స్వభావము కాదు, జుహూ బురదలో ఏండ్ల తరబడి పనిచేసినవాడు వేయవలసిన ప్రశ్నయే అది.

1953 ఆగస్టు 1న ప్రభుత్వము తొమ్మిది కంపెనీలను తన వశము చేసికొనెను. ఎనిమిదింటిని కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్సుగను, విదేశ సంస్థను వేరుగను ఏర్పరచెను. నష్టములలో నున్న కంపెనీలను ఒకటి చేయవలెననుట అన్యాయము కాదు. అయితే ఆ నష్టములకు లైసెన్సుల పంపకమే చాలవరకు కారణమనుటయు సత్యమే. అన్నిటికంటె, సంగతి నిర్ణయమైన పిదపనే తనకు తెలిపిరని ఆయన నొచ్చుకొనెను. నొచ్చుకొనియు, నెహ్రూ కోరగా విదేశ సంస్థకు అధ్యక్షత స్వీకరించెను. జీతము లేదు. ఇరువది యైదేండ్లకు చేరువగ దానిని మోసెను.

ఆ కాలమున ఆయన విమానములో ప్రయాణించినపుడెల్ల చేత కాగితముండెడిది. తేనీరు చల్లారినదా, తెర నలిగినదా, మరుగుదొడ్డి శుభ్రమా, కౌంటరువద్ద నిలిచినవానికి మర్యాద దొరికినదా అని వ్రాసికొని దిగగానే సంబంధించినవారికి పంపెడివాడు. అధ్యక్షునకు ఇవి తగునా అని నవ్వినవారు ఉండవచ్చును. కాని ప్రయాణికుడు చూచునది ఇంజనును కాదు, ఆ తేనీటి కప్పునే. 1958లో ప్రపంచ విమాన సంస్థల సంఘమునకు ఆయన అధ్యక్షుడయ్యెను. 1960లో బోయింగు జెట్టులు వచ్చెను. రెండేండ్లలో సంస్థ విమానములన్నియు జెట్టులే అయ్యెను. 1971లో జంబో వచ్చెను. బురదనేలలపై దిగిన కాలము పోయి, మైళ్ల పొడవున గట్టి రన్వేలు కావలసిన కాలము వచ్చెను.

1978 జనవరి 1న జంబో విమానమొకటి బొంబాయి వద్ద సముద్రమున కూలి 213 మంది మరణించిరి. ఆ తరువాతి నెలలోనే మొరార్జీ దేశాయి ప్రభుత్వము టాటాను అధ్యక్ష పదవినుండి తొలగించెను. ఆ సంగతి ఆయనకు ముందుగ ప్రభుత్వము ద్వారమున తెలియలేదు. ఏ రంగమునైన ఒక మనిషి యావజ్జీవము సేవించినపుడు అతనిని మార్చు హక్కు ప్రభుత్వమునకు కలదు. మార్చు తీరున మర్యాద మాత్రము విడువరాదు. 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వము ఆయనను మరల డైరెక్టరుగ తీసికొనెను, అధ్యక్షునిగ కాదు.

1982 అక్టోబరు 15న, ఏబది ఏండ్ల పిమ్మట, 78 ఏండ్ల ఆ వృద్ధుడు లెపర్డ్ మాత్ అను పాత విమానమున కరాచినుండి బొంబాయికి మరల ఒంటరిగ ఎగిరి వచ్చెను. 1992లో భారతరత్న బిరుదము పొందెను. 1993 నవంబరు 29న జెనీవాలో మరణించగా, పుట్టిన పారిస్ నగరమునందే ఆయన దేహమును ఖననము చేసిరి. ఆయన స్థాపించిన సంస్థ 2022 జనవరి 27న తిరిగి టాటాల చేతికి వచ్చెను. జుహూ విమానస్థలము ఇంకను ఉన్నది. అచట ఇప్పుడు హెలికాప్టర్లు దిగుచున్నవి.