మరియా మాంటిస్సోరి: పిల్లలను గమనించిన వైద్యురాలు

మీలో చాలామంది ఈ దేశంలోనే పుట్టి, ఈ దేవాలయ ప్రాంగణంలోనే ఆడుకొని, నేడు మీ పిల్లలను చంకనెత్తుకొని ఇక్కడికే వస్తున్నవారు. వారిలో కొందరు మాంటిస్సోరి బడికి వెళుతున్నారు. ఆ పేరు ఒక బోధనా పద్ధతిదని మాత్రమే ఎరిగినవారికి ఆ పేరు గల స్త్రీని పరిచయం చేయాలని ఈ వ్యాసం. ఆమె వృత్తిరీత్యా నావలెనే వైద్యురాలు. పైగా మన తాతముత్తాతల నాటి మద్రాసులో కొన్నేళ్లు నివసించిన మనిషి.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లె అనే ఊరిలో జన్మించారు. తండ్రి ప్రభుత్వోద్యోగి. తల్లి చదువుకొన్నది, కూతురి చదువుకు అండగా నిలిచినది. ఆడపిల్ల వైద్యం చదవడం వింతగా తోచిన కాలమది. పురుష విద్యార్థుల సరసన నిలబడి శవపరీక్ష చేయడం మర్యాద కాదని, అందరూ వెళ్లిపోయాక సాయంవేళ ఆమె ఒంటరిగా ఆ గదిలో పని చేయవలసి వచ్చేది. 1896లో రోము విశ్వవిద్యాలయం నుండి పట్టా పొందారు.

ఆ పిమ్మట మానసిక వైద్యశాలలో పనిచేస్తూ, మందబుద్ధులని ముద్రపడి పెద్దల నడుమ పడి ఉన్న పిల్లలను చూశారు. చేతులకు పని లేక ఆ పిల్లలు అలమటిస్తున్నారని ఆమెకు తోచింది. ఇటార్డ్, సెగాన్ అనే ఫ్రెంచి వైద్యుల గ్రంథాలు చదివి, తాకి, పట్టుకొని, అమర్చి నేర్చుకొనే సాధనాలను ఆ పిల్లలకు ఇచ్చారు. వారు చదవడం, రాయడం నేర్చుకొన్నారు. లోకం ఆమెను మెచ్చుకొంది. ఆమె మాత్రం మరొక ప్రశ్న వేసుకొన్నారు: ఈ పిల్లలే ఇంత నేర్వగలిగితే, మామూలు బడులలోని ఆరోగ్యవంతులైన పిల్లలను మనం ఏం చేస్తున్నాం?

జవాబు వెదకే అవకాశం 1907 జనవరి 6న వచ్చింది. రోములో శాన్ లొరెంజో అనే పేదవాడలో ఒక గృహనిర్మాణ సంస్థ కొత్త వాటాలు బాగుచేసి అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు కూలికి పోతే పసివారు గోడలు పాడుచేస్తున్నారని, వారిని ఒకచోట కూర్చోబెట్టమని ఆమెను కోరారు. గోడల సంరక్షణ కోసం మొదలైన ఆ గదికే బాలల గృహం అని పేరు.

అక్కడ ఆమె చూసిన సంగతులలో ఒకటి మీకు వివరంగా చెప్పాలి. సుమారు మూడేళ్ల పాప ఒకతె కొయ్య దిమ్మెలోని రంధ్రాలలో సరిపడే బిళ్లలను అమర్చుతోంది. తీస్తుంది, కలిపేస్తుంది, మళ్లీ అమర్చుతుంది. తక్కిన పిల్లలచేత పాటలు పాడించినా తలెత్తలేదు. కూర్చున్న కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టినా, బిళ్లలు ఒడిలో వేసుకొని పని సాగించింది. నలభైసార్లకు పైగా అదే పని చేసి, తృప్తిగా నిద్ర లేచినదానివలె చుట్టూ చూసి నవ్విందట. పసివారికి ఏకాగ్రత ఉండదని మనం అనుకొంటాం. వారు ఏకాగ్రతతో ఉండగా మనమే చెడగొడుతున్నామేమో అని మాంటిస్సోరి ఆలోచించారు.

మరొకనాడు ముక్కు చీదుకోవడం ఎలాగో, చేతిరుమాలు చప్పుడు లేకుండా ఎలా వాడాలో ఆమె చేసి చూపారు. పిల్లలు నవ్వుతారనుకొంటే, చప్పట్లు కొట్టారు. ముక్కు కారుతోందని అంతవరకు వారిని ఈసడించినవారే గాని, ఎలా తుడుచుకోవాలో నేర్పినవారు లేరు. నీతిబోధ ఎక్కడ మొదలవుతుందని మీరు నన్ను అడిగితే, ఈ సంఘటననే చూపుతాను. గౌరవం పొందిన పసివాడే ఇతరులను గౌరవించగలడు.

ఆమె చెప్పినదంతా శిరోధార్యమని నేననను. చిన్నపిల్లలకు అద్భుత కథలు, కల్పనలు వద్దని ఆమె భావించారు. అమ్మమ్మ ఒడిలో రామాయణం విని పెరిగిన నాకు అది మింగుడుపడదు. 1924లో ముస్సోలినీ ప్రభుత్వపు పోషణను అంగీకరించడం కూడా ఆమె జీవితంలోని మచ్చే. పదేళ్లకు ఆ పొత్తు చెడింది. ఆమె బడులు మూతపడ్డాయి, ఆమె ఇటలీ విడిచారు.

1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై అడయారు చేరారు. అప్పటి మద్రాసు రాజధానిలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా భాగమే. తాటాకు పాకల కింద ఆమె ఇటాలియనులో బోధిస్తుంటే, మారియో అనే వ్యక్తి ఆంగ్లంలోకి అనువదించేవాడు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగగానే ఆమె శత్రుదేశస్థురాలైపోయారు. మారియోను నిర్బంధ శిబిరానికి తీసుకొనిపోయారు. తర్వాత కొంతకాలం కొడైకెనాల్‌లో ఉండి, అక్కడి పిల్లలతో పనిచేస్తూ తన ఆలోచనలను మరింత విస్తరించారు. పుట్టినది మొదలు ఆరేళ్ల వరకు పిల్లవాడు తన చుట్టూ ఉన్న భాషను, నడవడిని, వాతావరణాన్ని ప్రయత్నం లేకుండానే పీల్చుకొంటాడన్న ఆమె సిద్ధాంతాన్ని వివరించే గ్రంథం 1949లో మద్రాసులోనే అచ్చయింది.

ఈ మాట దగ్గర మీతో కొంచెం ఆగాలి. సూది వేయించేటప్పుడు ఫోను, అన్నం తినిపించేటప్పుడు ఫోను, అర్చన జరుగుతుండగా ఫోను. పిల్లవాడు నిశ్శబ్దంగా ఉంటాడు, నిజమే. కాని ఆ పాప బిళ్లలతో చూపిన ఏకాగ్రత ఇది కాదు. అక్కడ చేతులు పనిచేశాయి, ఆపడం ఆ పాప ఇష్టం. ఇక్కడ తెర ఆపితేనే ఆగుతుంది. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుండి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంటను లెక్కపెట్టడం కన్నా తక్కిన గంటలలో ఆ చేతులకు ఏమిస్తున్నామన్నదే నాకు పెద్ద ప్రశ్న. మన దేవాలయపు వంటశాలలో మూడేళ్ల పిల్ల అరటిపండ్లు పళ్లెంలో సర్దుతానని వస్తే, పడేస్తావని పక్కన కూర్చోబెట్టి ఫోను ఇస్తున్నాం. పడేస్తే పడేయనివ్వండి, తుడవడం కూడా నేర్చుకొంటుంది.

ఇక మారియో సంగతి. పరిచయస్థులకు అతడు ఆమె మేనల్లుడు, లేదా పెంపుడు కొడుకు. నిజానికి అతడు 1898లో ఆమెకు పుట్టిన బిడ్డ. తండ్రి తోటి వైద్యుడు, వివాహం జరగలేదు. బిడ్డ సంగతి బయటపడితే వృత్తి, గౌరవం రెండూ పోయే కాలం. పసివాణ్ణి పల్లెలో ఒక కుటుంబానికి అప్పగించి, అప్పుడప్పుడు పోయి చూసి వచ్చేవారు. శాన్ లొరెంజోలో పరాయి పిల్లల చేతులను అంత శ్రద్ధగా గమనిస్తున్న నాటికి తన కొడుకు మరొకరి ఇంట పెరుగుతున్నాడు. తల్లి మరణించిన తరువాతనే, పదిహేనేళ్ల ఆ బాలుణ్ణి తన దగ్గరికి తెచ్చుకొన్నారు. అప్పటినుండి అతడు ఆమెను విడువలేదు. ఆమెను తీర్పరివలె చూడకండి. ఆ కాలపు స్త్రీకి వేరే దారులు ఎన్ని తెరిచి ఉండెనో ఆలోచించండి.

1940 ఆగస్టు 31న, ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజున, ఆంగ్ల ప్రభుత్వం మారియోను విడుదల చేసింది. వైస్రాయి పంపిన తంతిలో అతణ్ణి ఆమె కుమారుడిగానే పేర్కొన్నారు.

1949లో భారతదేశం నుండి శాశ్వతంగా వెళ్లి, 1952 మే 6న హాలండులోని నోర్డ్‌వైక్‌లో ఆమె కన్నుమూశారు. జీవితమంతా దాచిన మాటను ఆమె తన వీలునామాలో రాశారు. మారియోను తన కొడుకని అందులో చెప్పారు.